భూమి లెక్క తేలాకే అంతస్తుల లెక్క: సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఇళ్ల ప్రశ్న

మన దేశంలో పట్టణ ప్రణాళిక రాష్ట్రాల పని. ఏ వీధిలో ఎన్ని అంతస్తులు లేవాలి, ఇంటి చుట్టూ ఎంత జాగా వదలాలి, ఏ పొలం లేఅవుట్‌గా మారాలి అన్నవి రాష్ట్ర చట్టాలూ వాటి కింద వచ్చే జీవోలూ నిర్ణయిస్తాయి. కేంద్రం నమూనా నిబంధనలు రాసి పంపుతుంది, తాను ఇచ్చే డబ్బుకు షరతులు పెడుతుంది, అంతే. ఈ ఏర్పాటుకు పెద్ద మినహాయింపు సికింద్రాబాద్ నడిమధ్యలో ఉంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితా, మూడో అంశం: కంటోన్మెంట్ల హద్దులు, వాటి స్థానిక పాలన, వాటిలో ఇళ్ల వసతి నియంత్రణ, అద్దెల నియంత్రణ, ఇవన్నీ పార్లమెంటు పరిధిలోనివి. అందుకే కార్ఖానాలోనో పికెట్‌లోనో బొల్లారం బజారులోనో పాత ఇంటి మీద ఒక గది వేయాలన్నా చూడాల్సింది ఢిల్లీ చేసిన చట్టాన్ని.

ఇదేమీ చిన్న మూల కాదు. విస్తీర్ణం దాదాపు 40 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణనలో జనాభా 2,17,910. దేశంలో ఇంకే కంటోన్మెంట్‌లోనూ ఇంత జనం లేరు. చుట్టూ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ, అంటే జీహెచ్‌ఎంసీ, మధ్యలో కంటోన్మెంట్ బోర్డు. కొన్నిచోట్ల రోడ్డుకు ఈ పక్క ఒక చట్టం, ఆ పక్క మరో చట్టం. జాతీయ స్థాయిలో ప్రణాళిక విధానం మారితే సామాన్యుడి ఇంటికి ఏమవుతుందన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి పరీక్షా స్థలం తెలుగు నేల మీద లేదు. రెండు వైపుల అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బలంగా తోచేది ఒక్కటే. అంతస్తుల లెక్క ఒక్క ఉత్తర్వుతో మారిపోతుంది. భూమి ఎవరి పేరున ఉందన్న లెక్క తేలకపోతే ఆ మార్పు కొందరికే ఇళ్లిస్తుంది.

కాస్త వెనక్కి వెళ్లాలి. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో దిగిన ఈస్టిండియా కంపెనీ సైన్యానికి హుస్సేన్‌సాగర్ ఉత్తరాన దండు వెలిసింది. 1806లో దానికి అప్పటి నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. సిపాయిల వెనకాలే వర్తకులు, దర్జీలు, కంట్రాక్టర్లు, వంటవాళ్లు వచ్చారు. దండు బజారు పెరిగి ఊరైంది. 1945లో ఆ ఊరిలోని పౌర ప్రాంతం, అంటే జనరల్ బజార్, జేమ్స్ స్ట్రీట్ ఉన్న భాగం, తిరిగి నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి సికింద్రాబాద్ మునిసిపాలిటీ ఏర్పడింది. 1950లో అది కార్పొరేషనై, 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. కంటోన్మెంట్ల నుంచి పౌర ప్రాంతాలను విడదీయాలన్న మాట ఇప్పుడు కొత్త సంస్కరణగా వినిపిస్తోంది గానీ, ఈ ఊరు ఆ దారిన ఒకసారి నడిచి వచ్చింది. అప్పుడు విడిపోయిన భాగం రాష్ట్ర చట్టాల కింద పెరిగింది. విడిపోకుండా మిగిలిన తిరుమలగిరి, బొల్లారం, మారేడుపల్లిలో కొంత, బోయినపల్లిలో కొంత 1924 నాటి కంటోన్మెంట్ చట్టం కింద, ఆ తర్వాత 2006 చట్టం కింద ఉండిపోయాయి.

కంటోన్మెంట్ భూముల సంగతి తెలియకుండా అక్కడి ఇళ్ల సంగతి అర్థం కాదు. 1937 నాటి కంటోన్మెంట్ భూ పరిపాలన నిబంధనలు భూమిని తరగతులుగా విడగొట్టాయి. సైన్యం వాడుకునేది ఏ1. సైన్యం అవసరాలకని ఖాళీగా ఉంచేది ఏ2. కేంద్రంలోని ఇతర శాఖలది బీ1, రాష్ట్ర ప్రభుత్వం అధీనంలో ఉన్నది బీ2. హక్కు కేంద్రానిదే అయినా ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉన్నది బీ3. మిగిలిన కేంద్ర భూమి బీ4, బోర్డుకు అప్పగించింది సీ. ఇవన్నీ జనరల్ ల్యాండ్ రిజిస్టర్ అనే పుస్తకంలో ఉంటాయి. స్థానికులు జీఎల్ఆర్ అంటారు. ఆ పుస్తకంలో సర్వే నంబరు, విస్తీర్ణం, తరగతి తర్వాత రెండు గడులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి భూస్వామి ఎవరన్నది, రెండోది అనుభవ హక్కుదారు ఎవరన్నది. బీ3 బంగళాలకు మొదటి గడిలో భారత ప్రభుత్వం, రెండో గడిలో ఒక కుటుంబం పేరు. దేశంలోని చాలా కంటోన్మెంట్లలో దీనికి మూలం 1836 నాటి గవర్నర్ జనరల్ ఉత్తర్వు. భూమి ప్రభుత్వానిది, కట్టడం మాత్రం కట్టుకున్నవారిది, నెల రోజుల నోటీసుతో కట్టడం విలువ చెల్లించి సర్కారు స్వాధీనం చేసుకోవచ్చన్నది దాని సారం. దీన్నే ఓల్డ్ గ్రాంట్ అంటారు.

దాదాపు రెండు శతాబ్దాల కిందటి ఈ ఏర్పాటు నేటి ఇంటిని నేరుగా పట్టుకుంటుంది. ఓల్డ్ గ్రాంట్ బంగళాను వారసులు పంచుకోవాలన్నా, అమ్మాలన్నా, కూల్చి అపార్ట్‌మెంట్ వేయాలన్నా ముందు తేలాల్సింది ఆ మొదటి గడి. కింద నేల తనది కాని ఆస్తి మీద బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. దాంతో ఎకరాల కొద్దీ ఆవరణలున్న పాత బంగళాలు మరమ్మతు లేక కూలుతుంటాయి. వాటి వెనక అవుట్‌హౌసుల్లో తరతరాలుగా ఉంటున్న పనివాళ్ల కుటుంబాలకు రెండో గడిలో కూడా చోటు లేదు. పట్టా భూముల్లో లేచిన కాలనీల పరిస్థితి ఇంత కష్టం కాదు. అయితే ఎక్కడైనా భూమి పరిపాలన రక్షణ భూముల అధికారి చేతిలో ఉంటే, బోర్డు నక్షా మంజూరు చేసే ముందు సర్కారుకు అభ్యంతరం ఉందో లేదో ఆ అధికారిని అడగాల్సిందే. 2006 చట్టంలోని 238వ సెక్షన్ అలాగే చెబుతుంది.

కంటోన్మెంట్ గోడకు అవతల, జీహెచ్‌ఎంసీ వైపు, సంగతి పూర్తిగా వేరు. అక్కడ జాతీయ విధానం రాష్ట్రం ద్వారా వచ్చింది. 1976 పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం హైదరాబాద్‌లో ఒక్కొక్కరికి 1,000 చదరపు మీటర్ల ఖాళీ స్థలం హద్దు పెట్టింది. మిగులు భూమి తీసి పేదలకు ఇళ్లు కట్టాలన్నది ఆశయం. జరిగింది మాత్రం ఏళ్ల తరబడి వ్యాజ్యాలు, మినహాయింపులు. కేంద్రం 1999లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. అయితే రాష్ట్రాలు విడిగా అంగీకరించాలి. 2005 డిసెంబరులో మొదలైన కేంద్ర పట్టణాభివృద్ధి పథకం జేఎన్ఎన్‌యూఆర్ఎం తన నిధులకు పెట్టిన తప్పనిసరి షరతుల్లో ఈ రద్దు ఒకటి. ఆంధ్రప్రదేశ్ 2008 మార్చిలో దాన్ని ఆమోదించింది. డబ్బు చూపించి రాష్ట్రాన్ని ఒప్పించడం ఎలాగో తెలుసుకోవడానికి ఇది చక్కటి ఉదాహరణ. స్థలం మార్కెట్‌లోకి వచ్చింది. పేదల ఇళ్ల ఆశయం మాత్రం మిగులు భూమి లెక్కలతో పాటే మరుగున పడింది.

అంతకు రెండేళ్ల ముందే రాష్ట్రం సొంతంగా ఇంకా పెద్ద అడుగు వేసింది. 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవో ఎఫ్ఎస్ఐ హద్దును ఎత్తేసింది. స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న కొలత పోయి, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు, ఎత్తును బట్టి చుట్టూ వదలాల్సిన జాగా అన్న పద్ధతి వచ్చింది. 2012 ఏప్రిల్ నాటి 168వ నంబరు జీవో దాన్నే భవన నిబంధనలుగా స్థిరపరిచింది. దేశంలోని ఏ మహానగరమూ ఇంత దూరం పోలేదు. హైదరాబాద్ పడమటి వైపు లేచిన ఆకాశహర్మ్యాలకు మూలం ఈ నిర్ణయమే. 2020 నవంబరులో రాష్ట్ర ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం టీఎస్-బీపాస్ వచ్చాక 75 చదరపు గజాల లోపు స్థలానికి అనుమతి అక్కర్లేకుండా రూపాయి రిజిస్ట్రేషన్‌తో సరిపోయింది. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని స్వయంగా ఇచ్చే ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. పెద్దవాటికి 21 రోజుల గడువు.

ఇదే కాలంలో కంటోన్మెంట్‌లో ఎఫ్ఎస్ఐ హద్దు అలాగే ఉంది. ఒకే తండ్రి ఇద్దరు కొడుకులకు చెరో 150 గజాలు ఇచ్చాడనుకుందాం. ఒకటి రోడ్డుకు జీహెచ్‌ఎంసీ వైపు, ఇంకొకటి బోర్డు వైపు. మొదటి కొడుకు ఇంట్లో కూర్చుని దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకుని, కింద కారు పార్కింగు, పైన అంతస్తులు వేసి ఒకటి రెండు కిరాయికి ఇస్తాడు. రెండో కొడుకుకు భూమి తరగతి, జీఎల్ఆర్‌లో మ్యుటేషన్, ఎఫ్ఎస్ఐ, ఆ పైన సైనిక స్థావరం పక్కనైతే రక్షణ శాఖ 2011లో పెట్టి 2016లో సవరించిన దూరపు హద్దులు. 2021 ఫిబ్రవరిలో మొదలైన కంటోన్మెంట్ల ఈ-ఛావనీ పోర్టల్ దరఖాస్తును ఆన్‌లైన్‌కు తెచ్చింది. అది మంచి పనే. కానీ వేగంగా వచ్చేది జవాబే, భూమి మీద హక్కు కాదు.

పెళ్లైన కొడుకుకు గది కావాలి. అనుమతి రాదు. మేస్త్రిని పిలిచి స్లాబ్ వేయించుకుంటారు. 248వ సెక్షన్ కింద నోటీసు వస్తుంది. కంటోన్మెంట్‌లో అక్రమ అంతస్తులుగా లెక్కకెక్కిన వాటిలో ఎన్నో ఇలా పుట్టినవే. ఇది క్రమశిక్షణ లేకపోవడం కాదు, ఇళ్ల కొరత. గోడ అవతల ఇలాంటి వాటికి 2007లో రాష్ట్రం జరిమానాతో క్రమబద్ధీకరించే పథకం తెచ్చింది. ఇవతలి వాళ్లకు ఆ తలుపు తెరవలేదు. ఆ పథకాలు నిబంధనలు పాటించినవారికి అన్యాయం చేశాయన్న విమర్శలో నిజముంది, నేనూ ఒప్పుకుంటాను. అయినా ఒకే ఊరిలో ఒకరి అంతస్తు చట్టబద్ధం, ఇంకొకరిది కూల్చివేతకు సిద్ధం కావడాన్ని ఏ ప్రణాళికా సూత్రంతోనూ సమర్థించలేం.

ఎఫ్ఎస్ఐ ఎత్తేస్తే చాలని అనేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. రోడ్డు వెడల్పుకు ఎత్తును ముడిపెట్టిన జీహెచ్‌ఎంసీ పద్ధతిలో లాభపడేది వెడల్పాటి రోడ్డు మీద పెద్ద స్థలం ఉన్నవారు. బోయినపల్లి, కార్ఖానా లోపలి గల్లీల్లో ఆ పద్ధతి తెచ్చినా ఎత్తు పెద్దగా పెరగదు. బేగంపేట విమానాశ్రయం, హకీంపేట వైమానిక స్థావరం పక్కనుండటంతో 2015 నాటి విమానయాన ఎత్తు నిబంధనలు ఎలాగూ వర్తిస్తాయి. అవి గోడకు రెండు వైపులా ఒకటే. మురుగు కాలువలు, మంచినీళ్లు ఇప్పుడున్న జనానికే చాలడం లేదు. బోర్డు జలమండలి దగ్గర నీళ్లు టోకున తీసుకుని పంచుతుంది. సైనిక ఆస్తులకు ఆస్తి పన్ను బదులు కేంద్రం ఇవ్వాల్సిన సేవా రుసుము బకాయిలు పేరుకుపోవడం బోర్డుకు చాలాకాలంగా ఉన్న బాధ. డబ్బు లేని సంస్థ పైపులు వేయలేదు, పైపులు లేని వీధిలో అంతస్తులు పెంచితే బాధ పడేది కింది ఇంటివాళ్లు.

ఎన్నికైన ప్రతినిధులు లేకపోవడం మరో పెద్ద లోటు. 8 వార్డులకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. 2023 ఏప్రిల్ 30న మళ్లీ జరపాలని ప్రకటించి, ఆ మార్చిలోనే రద్దు చేశారు. 74వ రాజ్యాంగ సవరణ మునిసిపాలిటీలకిచ్చిన రక్షణ ఇక్కడికి పూర్తిగా రాలేదు. 2006 చట్టం 10వ సెక్షన్ బోర్డును మునిసిపాలిటీగా భావించమంది గానీ, అది గ్రాంట్లు తీసుకోవడానికి, కేంద్ర పథకాలు అమలు చేయడానికి మాత్రమే. వీధి కాలువ గురించి అడగడానికి ఎవరి గుమ్మం ఎక్కాలో తెలియని 2 లక్షల పైచిలుకు జనం గురించి మాట్లాడుతున్నాం.

పేదల విషయానికి వస్తే ఈ రెండు చట్టాల తేడా ఇంకా కరకుగా కనిపిస్తుంది. 2014 డిసెంబరు 30న తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 58వ నంబరు జీవో ప్రభుత్వ భూముల్లో ఇళ్లు వేసుకున్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా హక్కు ఇచ్చింది. రక్షణ శాఖ భూమి మీద రాష్ట్రం అలాంటి హక్కు ఇవ్వలేదు. రసూల్‌పురా లాంటి బస్తీల్లో తరాలుగా ఉంటున్నవారిలో ఎవరికి ఏ పథకం వర్తిస్తుందో, ఇల్లు ఉన్న నేల ఏ తరగతిదో చూస్తేగాని తెలియదు. జీహెచ్‌ఎంసీ వైపు న్యూ బోయిగూడలో ఐడీహెచ్ కాలనీ ఉంది. పాత ఇళ్లను తీసేసి అదే చోట 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. కింది అంతస్తు, పైన రెండు. ఒక్కో ఇల్లు సుమారు 580 చదరపు అడుగులు, రెండు పడక గదులు, హాలు, వంటిల్లు. అదే ఏడాది జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం ఆర్థికంగా బలహీన వర్గాల ఇంటికి అనుకున్న కార్పెట్ వైశాల్యం 30 చదరపు మీటర్లు, అంటే సుమారు 323 అడుగులు. అయిదుగురున్న కుటుంబానికి ఈ తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు. ఐడీహెచ్ కాలనీ మంచి ఇళ్లు కట్టి చూపించింది. బస్తీవాళ్లను ఊరి అంచుకు పంపకుండా ఉన్నచోటే కట్టడం దాని అసలు విలువ. అది సాధ్యమైంది నేల రాష్ట్రం చేతిలో ఉన్నందువల్ల. ఆ నమూనా రోడ్డు దాటి కంటోన్మెంట్ బస్తీలోకి రావాలంటే డిజైను, డబ్బుతో పాటు జీఎల్ఆర్‌లో ఒక వరుస మారాలి.

మిగతా ప్రపంచంలో ఏం జరుగుతోందో ఒక్క మాట. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకే జాతీయ ప్రణాళికా విధాన పత్రం ఉంది. 2024 డిసెంబరులో దాన్ని సవరించి, ఏటా 3,70,000 ఇళ్ల అవసరం లెక్కగట్టి, ఆ లక్ష్యాన్ని స్థానిక మండళ్లకు తప్పనిసరి చేశారు. మన దగ్గర అలాంటి పత్రం లేదు, రాష్ట్రాల అధికారం దృష్ట్యా ఉండనక్కర్లేదు కూడా. నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం దేశంలోని 7,933 పట్టణ ఆవాసాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. కేంద్రం 2022-23 నుంచి రాష్ట్రాలకిస్తున్న ప్రత్యేక పెట్టుబడి సాయంలో కొంత భాగాన్ని భవన నిబంధనల ఆధునికీకరణకు, బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కులకు, స్థానిక ప్రణాళికలకు ముడిపెట్టింది. రాష్ట్రాలకు ఇన్ని షరతులు పెట్టే కేంద్రం, తన చేతిలో నేరుగా ఉన్న కంటోన్మెంట్ల నిబంధనలను మార్చడానికి అదే తొందర చూపలేదు. 2020లో కొత్త కంటోన్మెంట్ బిల్లు ముసాయిదా విడుదల చేసి అభిప్రాయాలు అడిగారు. అది చట్టం కాలేదు.

కేంద్రం ఎంచుకున్నది వేరే దారి. పౌర ప్రాంతాలను విడదీసి పక్క మునిసిపాలిటీల్లో కలపడం. 2023 ఏప్రిల్‌లో హిమాచల్‌ప్రదేశ్‌లోని ఖాస్ యోల్ కంటోన్మెంట్‌తో అది మొదలై, దేశంలో కంటోన్మెంట్లు 62 నుంచి 61కి తగ్గాయి. 2024 జూన్‌లో రక్షణ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోడ్లు, నీటి వసతి లాంటి పౌర సేవల ఆస్తులు రాష్ట్రానికి ఉచితంగా వస్తాయి. బోర్డు ఆస్తులూ అప్పులూ మునిసిపాలిటీకి వస్తాయి. అయితే తనకు హక్కున్న చోట భూమి మీద హక్కును కేంద్రం తన దగ్గరే ఉంచుకుంటుంది. సికింద్రాబాద్ జనం ఆశగా చూస్తున్న విలీనంలో చాలామంది కళ్లు ఎఫ్ఎస్ఐ మీదే ఉన్నాయి. నా భయమంతా భూమి హక్కు కేంద్రం దగ్గరే ఉండిపోతుందన్న మాట గురించి.

ఆ మార్గదర్శకాల ప్రకారం జరిగితే, విలీనం అయిన మర్నాడు వెడల్పాటి రోడ్ల మీద పట్టా స్థలం ఉన్నవారికి టవర్లు కట్టే దారి తెరుచుకుంటుంది. రాజీవ్ రహదారి వెంట, నాగ్‌పూర్ రోడ్డు వెంట అది త్వరగా కనిపిస్తుంది. ఆ రెండు దారుల్లోనూ ఎలివేటెడ్ కారిడార్లకు రక్షణ భూములివ్వడానికి కేంద్రం ఒప్పుకున్నాక 2024 మార్చిలో శంకుస్థాపనలు జరిగాయి. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫారం వైపు ఒకటి, శామీర్‌పేట వరకు 18 కిలోమీటర్లకు పైగా ఇంకొకటి. రోడ్డు వెడల్పైన చోట ఎత్తు పెరుగుతుంది, ఎత్తు పెరిగిన చోట నేల ధర పెరుగుతుంది. అదే రోజున బీ3 బంగళా వారసుడికి, బీ4 భూమి మీది బస్తీవాసికి మారేది పన్ను రసీదు మీది పేరే. పైగా ధర పెరిగిన నేల మీద హక్కు కాగితం లేకుండా ఉండటం ఇప్పటికంటే ప్రమాదం. కిరాయిదారుల మాట ఈ చర్చలో ఎక్కడా వినిపించదు. సికింద్రాబాద్‌లో తక్కువ కిరాయికి ఇల్లు దొరికే చోట్లలో కంటోన్మెంట్ గల్లీలు ముఖ్యమైనవి, ఆసుపత్రుల్లో, హోటళ్లలో, మోండా మార్కెట్‌లో పనిచేసేవాళ్లు అక్కడ ఉంటారు.

కనుక విలీనం ఏ తేదీన జరిగినా దానికి ముందే జరగాల్సిన పని ఒకటుంది. రక్షణ భూముల అధికారి, రాష్ట్ర రెవెన్యూ శాఖ, బోర్డు కలిసి సర్వే చేసి జీఎల్ఆర్‌ను ఇంటింటి వాస్తవంతో పోల్చాలి. బీ2 భూములు ఇప్పటికే రాష్ట్రం అధీనంలో ఉన్నవి కాబట్టి మొదట వాటితో మొదలుపెట్టొచ్చు. అక్కడ 58వ నంబరు జీవో లాంటి హక్కు ఇవ్వడానికి ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పని తక్కువ. ఓల్డ్ గ్రాంట్ ఆస్తులకు ధర కట్టి పూర్తి హక్కుగా మార్చుకునే వీలు కల్పించాలి. ఆ ఆవరణల్లో కొత్త కట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడు అవుట్‌హౌస్ కుటుంబాలకు అక్కడే ఇల్లు ఇవ్వాలన్న షరతు పెట్టాలి. బీ4 బస్తీల విషయంలో రాష్ట్రం బదులు భూమి ఇవ్వడమో, కేంద్రం ఆవాస్ యోజన కిందే హక్కు వదులుకోవడమో ఏదో ఒకటి విలీనం ఒప్పందంలోనే రాయించుకోవాలి, తర్వాత చూద్దామంటే కుదరదు. రోడ్లకు భూమి కావాల్సినప్పుడు రెండు ప్రభుత్వాలూ కూర్చుని మార్పిడి లెక్కలు తేల్చుకోగలిగాయి. రసూల్‌పురా కోసం కూడా అదే బల్ల దగ్గర కూర్చోమని శాసనసభ్యులూ ఎంపీలూ అడగాలి. ఎన్నికైన వార్డు సభ్యులు లేని ఇలాంటి సమయంలో అడిగే బాధ్యత వాళ్ల మీదే ఎక్కువ.